చెరువు లెక్క అడిగే ఊరు ఆసుపత్రి లెక్కా అడగాలి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ దృశ్యాలను దేశమంతా చూసింది. ఆ నీళ్లు తర్వాత ఎటు పోయాయో పట్టించుకున్నవాళ్లు తక్కువ. బుడమేరు వచ్చి కలిసేది కొల్లేట్లో. విజయవాడ వీధులు ఆరుతున్న రోజుల్లో ఇక్కడ లంక గ్రామాల చుట్టూ నీటిమట్టం పెరుగుతూ వచ్చింది. చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి. ఇలాంటి రోజుల్లో లంకలో ఎవరికైనా నొప్పులు మొదలైతే, షుగరు మాత్రలు అయిపోతే, చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ముందు వెతకాల్సింది డాక్టర్ని కాదు, పడవని.

తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, బుడమేరు, ఇంకా లెక్కలేనన్ని డ్రెయిన్లు. కొల్లేట్లోకి నీళ్లు వచ్చే దారులు ఇన్ని ఉంటే, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడుకుపోతే నీరు ఊళ్ల మధ్యే నిలిచిపోతుంది. ఆ నిలిచిన నీట్లో చేపల చెరువుల నుంచి వదిలిన నీళ్లుంటాయి, పొలాల్లో కొట్టిన మందుంటుంది, పైనున్న ఊళ్ల మురుగుంటుంది. సరస్సు నడుమ ఇల్లుండి కూడా తాగేందుకు నీళ్ల టిన్ను కొనుక్కోవాల్సిన బతుకు ఇక్కడిది. టిన్ను కొనలేనివాళ్లు పంచాయతీ కుళాయి మీదో మంచినీళ్ల చెరువు మీదో ఆధారపడతారు. జబ్బు మొదట దిగేది ఆ ఇళ్లలోకే.

కొల్లేరు గురించి ఈ దేశంలో చర్చ తక్కువేం జరగలేదు. 1999లో అభయారణ్యం అన్నారు, అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు) దాకా 308 చదరపు కిలోమీటర్లు గీశారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు పేల్చారు. కొంగల లెక్క ఉంది, గూడబాతుల లెక్క ఉంది, కాంటూరు మ్యాపు ఉంది. సరస్సు లోపలి బెడ్ గ్రామాలు, చుట్టూ ఉన్న బెల్ట్ గ్రామాలు కలిపి వందకు పైగా ఊళ్లున్న ఈ ప్రాంతంలో ఏ ఊళ్లో ఏ నెలలో ఏ జబ్బు ముదురుతుంది, ఎందుకు ముదురుతుంది అన్న లెక్క మాత్రం ఆ ఊరివాళ్ల చేతిలో లేదు. ఈ కథనం ఆ లెక్క గురించి.

కొల్లేటి పక్కనే ఉన్న ఏలూరు మరచిపోలేని ఒక శనివారం ఉంది: 2020 డిసెంబరు 5. సాయంత్రం నుంచి వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలారు. మూర్ఛ, నోట నురగ, వాంతులు, తలనొప్పి, కాసేపు మతి లేకపోవడం. పిల్లలూ పెద్దలూ తేడా లేదు. కొన్ని రోజుల్లో ఆరు వందల మందికి పైగా ప్రభుత్వాసుపత్రికి చేరారు. ఎక్కువమంది గంటల్లోనే తేరుకున్నారు, ఒకరు చనిపోయారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగం కాదని తేలింది. కరోనా కాలం కాబట్టి ఊరి భయం రెట్టింపయింది. ఎయిమ్స్ వచ్చింది, నాగపూర్ నుంచి పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వచ్చింది, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఇంకా ఎన్నో సంస్థలు వచ్చాయి. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చని నిపుణులు చెప్పారు. ఆ విషం నీళ్ల దారిన వచ్చిందా, కూరగాయల దారినా, మరే దారినా అన్నది ఊరికి తృప్తి కలిగేలా తేలనే లేదు.

పరికరాల్లో, శాస్త్రవేత్తల్లో లోటు లేదు. లోటు ఉన్నది నాకు తెలిసి ఇంకోచోట. ఆ వారం ఏ ఇంట్లో ఎవరు ఏ నీళ్లు తాగారు, కూరగాయలు ఎక్కడ కొన్నారు, అంతకుముందు వారం కుళాయి నీళ్ల రంగు మారిందా, కుక్కలూ కోళ్లూ ఎలా ఉన్నాయి అన్నది వీధిలో ఆడవాళ్లకు తెలుస్తుంది. ఇంటింటి సర్వే జరిగింది, నిజమే. కానీ అది మనుషులు పడిపోయాక, బయటి నుంచి వచ్చినవాళ్లు, భయపడి ఉన్న ఇళ్లలో చేసిన సర్వే. అంతకుముందు నెలల్లో వీధి తనకోసం తాను రాసుకున్న పుస్తకం ఒకటుంటే పోల్చి చూసుకోవడానికి ఆధారం దొరికేది.

1854లో లండన్ సోహో పేటలో కలరా వచ్చి కొద్ది వారాల్లో ఆరు వందల మందికి పైగా పోయారు. బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో పట్టుకున్న కథ వైద్య విద్యార్థులందరికీ తెలుసు. ఆ పేట చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ అనే యువకుడి సంగతి అంతగా తెలియదు. ఆయన డాక్టరు కాడు, స్నో మాట మొదట నమ్మనూ లేదు. అయితే ఆ వీధిలో ప్రతి గడపా ఆయనకు తెలుసు. ఇల్లిల్లూ మళ్లీ మళ్లీ తిరిగి అడిగి, చివరికి పంపు పక్కనే 40వ నంబరు ఇంట్లో జబ్బుపడిన చంటిపాప సంగతి ఆయనే కనిపెట్టాడు. ఆ పాప గుడ్డలు ఉతికిన నీళ్లే పక్కనున్న బావిలోకి ఊరాయి. డాక్టరుకు శాస్త్రం తెలుసు, వీధి మనిషికి వీధి తెలుసు. రెండూ కలిశాకే రుజువు గట్టిపడింది.

ఏలూరు లాంటి నగరాల పేదపేటల కోసం ఆ పని చేయగల ఏర్పాటు కాగితం మీద 2013 నుంచీ ఉంది. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి, దాని చేతికి ఏడాదికి 5,000 రూపాయలు రావాలి. ఊళ్ల సంగతి అంతకన్నా పాతది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడే గ్రామ ఆరోగ్య, పారిశుధ్య కమిటీలు పెట్టమన్నారు, తర్వాత పోషకాహారాన్నీ కలిపారు. కమిటీలో పదిహేను మందికి తగ్గకూడదు, సగం మంది ఆడవాళ్లుండాలి, నెలకోసారి కూర్చోవాలి, వీలైతే మహిళా వార్డు మెంబరు అధ్యక్షత వహించాలి, ఆశా కార్యకర్త కార్యదర్శిగా ఉండాలి అని 2013 నాటి మార్గదర్శకాలు చెప్తాయి. ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ ఫండ్. ఊరికి ఏది అవసరమో దానికే, ఊరే నిర్ణయించి ఖర్చు పెట్టుకోమని ఇచ్చిన డబ్బు అది. ఉపకేంద్రానికి జన ఆరోగ్య సమితి మరొకటి. దానికి సర్పంచే అధ్యక్షుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు సహాధ్యక్షుడు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు (సీహెచ్‌ఓ) కార్యదర్శి.

వీటన్నిటికీ పైన రాజ్యాంగం ఉంది. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో 23వ అంశం ఆరోగ్యం, పారిశుధ్యం. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు కూడా అందులోవేనని పేరుపేరునా రాశారు. 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు ఇవ్వమని పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. హక్కు ఉంది, డబ్బు దారి ఉంది, కమిటీ పేరు ఉంది. ఊళ్లో పదిమందిని ఆపి "మన ఆరోగ్య కమిటీలో ఎవరెవరున్నారండీ?" అని అడిగి చూడండి. చాలా ఊళ్లలో ఆ పేర్లు చెప్పగలిగేది ఏఎన్‌ఎం ఒక్కతే. డబ్బు సంగతి అడిగితే "బ్లీచింగుకే అయిపోయాయండీ" అన్న జవాబు వస్తుంది. బ్లీచింగు కొనడం తప్పని నేననను. అది ఎవరు నిర్ణయించారు, ఎన్ని బస్తాలు, ఏ ట్యాంకులో ఎప్పుడు కలిపారు అన్నది ఊరికి తెలియకపోవడం తప్పు.

లెక్క అడగడం ఈ ప్రాంతానికి రాదా అంటే, బాగా వచ్చు. కొల్లేటి ఊళ్లలో ఉమ్మడి చెరువు లీజు పాట ఎంతకు పోయింది, వాటాకు ఎంత పడింది, గుడికి ఎంత తీసిపెట్టారు అన్నది అణాపైసలతో తేలాల్సిందే. ఒక వాటాకు వంద రూపాయలు తక్కువ పడితే రామకోవెల దగ్గర రాత్రి పొద్దుపోయే దాకా పంచాయితీ నడుస్తుంది. 1970ల్లో మత్స్యకార సహకార సంఘాల పేరిట చెరువులు ఇచ్చినప్పటి నుంచి ఇక్కడి జనం వాటాల లెక్కలో పండిపోయారు. అంత పట్టుదల ఉన్న ఊరు, తన పేరున ఏటా వచ్చే ఆరోగ్యం డబ్బు మీద ఒక్కసారైనా కూర్చుని మాట్లాడకపోవడం చూస్తే బాధేస్తుంది.

అయితే పెద్దల కట్టుబాటునే ఆసుపత్రి మీదికి తెచ్చి పెట్టమని నేను చెప్పడం లేదు. ఆ పంచాయితీల్లో ఆడవాళ్లు దూరంగా నిలబడతారు. ఊరికి ఎదురు చెప్పినవాణ్ణి వెలి వేసిన రోజులూ ఉన్నాయి. దళితవాడ మాట చివరికి వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. జబ్బు వస్తే మాత్రం మొదట ఆ వాడకే వస్తుంది. ఆరోగ్య కమిటీ అదే పెద్దల చేతిలోకి పోతే, వైద్యం కూడా చెరువు వాటాలాగే బలమున్నవాడి వైపు వాలుతుంది. ఇక్కడ నాకు నమ్మకం ఉన్న లెక్కలపుస్తకం డ్వాక్రా సంఘాలది. నెలనెలా కూర్చుని, తీర్మానం రాసి, అప్పూ పొదుపూ అందరి ముందూ చదివి సంతకాలు పెట్టించడం ముప్పై ఏళ్లుగా ఈ ఆడవాళ్లు చేస్తున్న పనే. ఆరోగ్య కమిటీకి కావాల్సిన చదువు అంతకు మించింది కాదు.

ఇలా చేసిన చోట్లు ఉన్నాయి. మహారాష్ట్రలో 2007 నుంచి మొదట అయిదు జిల్లాల్లో గ్రామ కమిటీలు తమ ఆరోగ్య సేవలకు తామే మార్కులు వేశాయి. గోడ మీద ఒక పట్టిక: బాగుంటే పచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. టీకాలు ఎలా ఉన్నాయి, మందులు బయట కొనమన్నారా, ఎవరైనా డబ్బు అడిగారా, నర్సు వచ్చిందా. చదువు రానివాళ్లు కూడా రంగు చూసి చెప్పగలరు. ఆ ఎరుపుల్ని పట్టుకుని జనసున్వాయి (బహిరంగ విచారణ) పేరుతో అధికారులనూ డాక్టర్లనూ ఊరివాళ్ల ఎదుట కూర్చోబెట్టారు. నాగాలాండ్ ఇంకో అడుగు ముందుకు వేసి 2002లో చట్టమే చేసింది: ఉపకేంద్రం నిర్వహణను గ్రామ కమిటీకి అప్పగించి, పని చేయని రోజుకు జీతం ఆపే అధికారం కూడా ఇచ్చింది. ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలని నాకనిపించదు. జీతం ఆపే కత్తి కులం రాజకీయాలున్న ఊళ్లో ఎవరి మెడ మీద పడుతుందో మనకు తెలుసు. మహారాష్ట్ర రంగుల పట్టిక మాత్రం రేపు ఉదయమే గోడ మీద గీసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఊరికి కోపం వస్తే అది దగ్గర్లో ఉన్న ఆశా మీద, ఏఎన్‌ఎం మీద పడుతుంది. బీపీ మాత్రలు లేకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది? మందులు రావాల్సింది రాష్ట్ర వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ గోదాముల నుంచి. డాక్టరు పోస్టు ఖాళీ ఉంటే అది నింపాల్సింది పై స్థాయిలో. కమిటీ పుస్తకంలో రాయాల్సింది "ఆశా మందు ఇవ్వలేదు" అని కాదు. ఏ మందు, ఎన్ని వారాలుగా లేదు, ఎంతమంది వాడేవాళ్లున్నారు, ఇండెంటు ఎప్పుడు పెట్టారు అని. అలా రాసిన కాగితం ఆశాకు కూడా ఆసరా అవుతుంది. ఒంటరిగా పైవాళ్లను అడగలేని మాటను ఊరు ఆమె తరఫున అడుగుతుంది.

కొల్లేటి లంకలో కమిటీ చేయగల పనులకు ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు. వానలకు ముందే, మే నెలాఖరులో, జూలై నుంచి అక్టోబరు దాకా కాన్పుకు వచ్చే తల్లుల పేర్లు తీసుకోవాలి. ఏఎన్‌ఎం దగ్గర ఈ జాబితా ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కన ఊరు రాయాల్సింది వేరే: ఈమెకు కైకలూరులోనో ఏలూరులోనో చుట్టాలున్నారా, నీళ్లెక్కితే ఎవరి పడవ, రాత్రయితే ఎవరు నడుపుతారు, ఏ గట్టు దగ్గరికి 108 రాగలదు, పడవ డీజిల్‌కు డబ్బు ఎవరిస్తారు. అన్‌టైడ్ ఫండ్‌లో కొంత ఈ డీజిల్‌కు పక్కన పెడతామని తీర్మానం రాసుకుంటే ఊరి డబ్బు ఊరి ప్రాణానికి ఉపయోగపడినట్టే. బీపీ, షుగరు, ఫిట్సు మాత్రలు వాడేవాళ్ల జాబితా కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. వరద హెచ్చరిక రాగానే నెలకు సరిపడా మందులు ముందుగానే ఇంటికి చేర్చమని పీహెచ్‌సీని అడగడానికి అది కావాలి.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పి కిట్టు ఇవ్వాలంది. ఓటీ టెస్టు చేస్తే క్లోరిన్ చివరి కుళాయి దాకా అందుతోందో లేదో పసుపు రంగు చెప్పేస్తుంది. హెచ్‌2ఎస్ సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, అందులో మలం కలిసిన జాడ ఉంటే నల్లబడుతుంది. ట్యాంకు దగ్గర ఒకటి, ఊరి చివర వాడ కుళాయి దగ్గర ఒకటి, వారం వారం. సీసా నల్లబడిన తేదీ పక్కన ఆ వారం విరేచనాలు పట్టుకున్న ఇళ్ల సంఖ్య రాస్తే చాలు, పైప్‌లైను ఎక్కడ పగిలిందో అధికారులకంటే ముందు ఊరికే తెలుస్తుంది. ఈ కిట్టుతో పురుగుమందు, సీసం దొరకవు. వాటికి ల్యాబు కావాలి. ఏ కుళాయి నీళ్లు ల్యాబుకు పంపాలో చెప్పేది మాత్రం ఆ పుస్తకమే. ఏలూరు వన్‌టౌన్‌లో ఆనాడు లేనిది అదే.

డిగ్రీ లేని ఊరి వైద్యుడు ఆర్‌ఎంపీ సంగతి ఎత్తకుండా ఇక్కడ వైద్యం గురించి రాయడం నిజాయితీ కాదు. లంకలో రాత్రి పదింటికి తలుపు తడితే వచ్చేది ఆయనే, డబ్బు తర్వాత ఇద్దువులే అనేదీ ఆయనే. అవసరం లేని సెలైను, వేసుకోకూడని యాంటీబయాటిక్, స్టిరాయిడ్ సూది కూడా ఆయన దగ్గర నుంచే వస్తున్నాయి. ఆయన్ని వెళ్లగొట్టగలిగే ఊరు లేదు, వెళ్లగొడితే ఆ రాత్రికి ఎవరూ ఉండరు. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నడిపిన ప్రజా వైద్యశాల, ఊళ్ల నుంచి వచ్చిన యువకులకు శిక్షణ ఇచ్చి గ్రామ వైద్యం చేయడానికి తిరిగి ఊళ్లకే పంపింది. ఏది తాను చూడొచ్చు, ఏది చూడకుండా వెంటనే పంపించాలి అన్నది వాళ్లకు నేర్పింది. మన కమిటీ కూడా ఆర్‌ఎంపీని పిలిచి కూర్చోబెట్టి, ఈ వారం ఎన్ని జ్వరాలు చూశావయ్యా అని అడగాలి. ఊళ్లో డెంగీ మొదలైన సంగతి పీహెచ్‌సీ కంటే ముందు తెలిసేది ఆయనకే.

ఇక పెద్దాసుపత్రి. కొల్లేటి ప్రాంతంలోని నిడమర్రు వైపు జనానికి అక్కరకు వచ్చేది తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నిడమర్రు ఏలూరు జిల్లాకు వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. రోగికి జిల్లా సరిహద్దు తెలియదు, దగ్గర దారి తెలుసు. ఆసుపత్రి అభివృద్ధి సంఘాలకు తెలిసింది జిల్లా, నియోజకవర్గం. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ కింద చేసిన వైద్యానికి ప్రభుత్వాసుపత్రికి కూడా డబ్బు వస్తుంది. దాన్ని దేనికి వాడాలి, మంచాలకా, మరుగుదొడ్లకా, రోగితో వచ్చినవాళ్లు పడుకోవడానికి షెడ్డుకా అన్నది తేలాల్సింది ఆ సంఘంలోనే. అందులో సరిహద్దు దాటి వచ్చే మండలాల నుంచి ఒక ఆశాకో, ఒక డ్వాక్రా ఆవిడకో కుర్చీ ఉండాలి. సమావేశం మినిట్సు ఓపీ చీటీలు ఇచ్చే కిటికీ పక్కన అతికించాలి. ఇదేం ఖర్చయ్యే పని కాదు.

అడిగితే ఏమవుతుందోనన్న భయం ఊళ్లలో ఉంది. పింఛను ఆగుతుందేమో, ఇంటి స్థలం జాబితాలో పేరు పోతుందేమో, పలానా పార్టీవాడని ముద్ర పడుతుందేమో. ఆ భయం ఊహ కాదు. ఒక్కరు అడిగితే ముద్ర పడుతుంది, పదిహేను మంది సంతకాలతో తీర్మానం వెళ్తే ముద్ర వేయడానికి చెయ్యి ఆడదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులు చర్చించారు. పంట బోదెల గురించి, సీసీ రోడ్ల గురించి ఊరంతా కూర్చుని మాట్లాడగలిగినప్పుడు, అదే ఎజెండాలో ఆరోగ్యం ఒక అంశంగా ఎక్కడానికి అడ్డేమీ లేదు.

వచ్చే గ్రామసభకు ముందు చేయాల్సింది చిన్నదే. కమిటీ సభ్యుల పేర్లు, గత మూడేళ్ల అన్‌టైడ్ ఫండ్ రాబడి, ఖర్చు, ఓచర్లు సభలో చదవమని పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వాలి. కమిటీ లేదంటే ఆ సభలోనే వేయాలి, ప్రతి వాడ నుంచీ ఒక ఆడమనిషి ఉండేలా. పడవల జాబితా, కాన్పుల జాబితా, నీటి పరీక్ష పుస్తకం ఎవరి దగ్గర ఉంటాయో తీర్మానంలో రాయాలి. ఆ తీర్మానం ఒక కాపీ పీహెచ్‌సీ డాక్టరుగారికి, ఒకటి జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి ఇచ్చి, అందినట్టు తేదీ వేయించి సంతకం తీసుకుని, ఆ కాగితాన్ని ఉపకేంద్రం గోడకు అతికించాలి.